జాతివివక్షను ప్రజారోగ్య సంక్షోభం అన్నారు, మరి చట్టం?

2020 జూన్ 9న అమెరికాలోని ఓహాయో రాష్ట్ర సెనేట్ ఆరోగ్య కమిటీ ఒక తీర్మానం మీద విచారణ జరిపింది. జాతివివక్షను ప్రజారోగ్య సంక్షోభంగా రాష్ట్రం ప్రకటించాలని ఇద్దరు నల్లజాతి సెనేటర్లు పెట్టిన తీర్మానం అది. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు మెడమీద మోకాలు పెట్టి చంపి అప్పటికి రెండు వారాలు. కోవిడ్‌తో నల్లజాతివాళ్ళు తమ జనాభా వాటాను మించి చనిపోతున్నారని ఊరూరా లెక్కలు బయటికొస్తున్నాయి. అలాంటి సమయంలో కమిటీ సభ్యుడు స్టీవ్ హఫ్‌మన్, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మైనారిటీ ఆరోగ్య కమిషన్ డైరెక్టర్‌ని ఒక ప్రశ్న అడిగాడు. ఆమె కూడా నల్లజాతి మహిళే. వాళ్ళకి కోవిడ్ ఎక్కువగా రావడానికి కారణం వాళ్ళు మిగతావాళ్ళంత బాగా చేతులు కడుక్కోకపోవడమో, మాస్కు పెట్టుకోకపోవడమో, దూరం పాటించకపోవడమో అయ్యుండొచ్చా అని. నల్లజాతివాళ్ళని ప్రస్తావించడానికి ఆయన వాడినది ఎప్పుడో వదిలేసిన, వాళ్ళని కించపరిచే పాత మాట.

అడిగిన మనిషి వృత్తిరీత్యా ఎమర్జెన్సీ డాక్టర్.

ఆయన తర్వాత క్షమాపణ చెప్పాడు. డాక్టర్‌గా పనిచేస్తున్న సంస్థ ఆయన్ని తీసేసింది. తీర్మానం మాత్రం సెనేట్ దాటలేదు. మరుసటి ఏడాది అదే ఆరోగ్య కమిటీకి ఆయన్నే ఛైర్మన్‌ని చేశారు.

నేనుండేది ఓహాయోలోనే, కొలంబస్ శివార్లలో. ఆరోగ్య బీమా క్లెయిముల డేటా చూసే ఉద్యోగం నాది. ఎవరికి ఏ జబ్బు ఎప్పుడు బయటపడింది, ఎవరు ఎమర్జెన్సీకి ఆలస్యంగా వచ్చారు, ఎవరు వారం తిరక్కుండా మళ్ళీ చేరారు అన్నదంతా రోజూ నా కళ్ళముందు వరసల్లో, నిలువు గళ్ళలో కనిపిస్తుంది. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇలాంటి తీర్మానాలు కావాలి. కానీ డబ్బు, గడువు, తనిఖీ, జవాబుదారీ లేని తీర్మానం ఎవరి ప్రాణమూ నిలబెట్టదు. అమెరికాలోనే దీనికి అరవై ఏళ్ళ నాటి రుజువు ఉంది, మన తెలుగువాళ్ళ వలస కథ కూడా దానికి ఆనుకునే ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు మిల్వాకీ సంగతి. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ కౌంటీ 2019 మేలో జాతివివక్షను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటించింది. దేశంలో ఆ పని చేసిన మొదటి కౌంటీ అదే. అప్పుడు జాతీయ స్థాయిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పది నెలల తర్వాత కోవిడ్ వచ్చింది. మిగతా చాలా నగరాలు కేసులు, మరణాలు మొత్తంగా చెబుతున్న రోజుల్లో మిల్వాకీ మాత్రం మొదటినుంచీ జాతులవారీగా విడదీసి లెక్క పెట్టింది. 2020 ఏప్రిల్ మొదటివారం నాటికి కౌంటీలో 27 మంది చనిపోతే వాళ్ళలో 81 శాతం నల్లజాతివాళ్ళు. జనాభాలో వాళ్ళ వాటా 26 శాతం. ఆ అంకె బయటికొచ్చాకే మిగతా నగరాల్లోనూ "మీ లెక్క ఏమిటి" అని అడగడం ఊపందుకుంది.

తీర్మానాలు వట్టి కాగితాలేనని కొట్టిపారేసే మిత్రులకి నేను చెప్పే మొదటి జవాబు ఇదే. సమస్యకి పేరు పెట్టిన చోట లెక్క ముందుగా మొదలైంది. నా ఉద్యోగంలో నేను చూసినంతవరకు, లెక్కకి రాని చావుకి ఎవరూ బడ్జెట్ కేటాయించరు.

2020లో తీర్మానాల వరద వచ్చింది. మా కొలంబస్ ఉన్న ఫ్రాంక్లిన్ కౌంటీ మేలో ప్రకటించింది, జూన్‌లో కొలంబస్ నగరం ప్రకటించింది. మిషిగన్, నెవాడా గవర్నర్లు ఆగస్టులో ప్రకటించారు. నవంబర్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జాతివివక్షను ప్రజారోగ్యానికి ముప్పుగా గుర్తిస్తూ విధానం చేసుకుంది. 2021 ఫిబ్రవరిలో వర్జీనియా శాసనసభ తీర్మానించింది, దక్షిణాది రాష్ట్రాల్లో అదే మొదటిది. అదే ఏడాది ఏప్రిల్ 8న కేంద్ర ప్రజారోగ్య సంస్థ సీడీసీకి అప్పటి డైరెక్టర్ రోషెల్ వాలెన్‌స్కీ ఇది ప్రజారోగ్యానికి తీవ్రమైన ముప్పు అన్నారు. ఇలాంటి ప్రకటనలు దేశమంతటా కలిపి రెండు వందలు దాటాయి.

వీటిలో చట్టంగా మారినవి ఎన్ని అని వెతికితే చేతివేళ్ళు చాలు. నాకు బాగా నచ్చినది కనెటికట్ చట్టం. 2021లో అక్కడి శాసనసభ జాతివివక్ష ప్రజారోగ్య సంక్షోభమన్న మాటను చట్టంలోనే రాసి, దాంతోపాటు ఒక శాశ్వత కమిషన్‌ని ఏర్పాటు చేసింది. జనం నుంచి జాతి, భాష వివరాలు ఎలా సేకరించాలో కూడా అదే చట్టంలో పెట్టింది. తీర్మానం చేసిన కౌన్సిల్ ఓడిపోతే తీర్మానాన్ని అందరూ మర్చిపోతారు. చట్టం పెట్టిన కమిషన్‌ని తీసేయాలంటే మళ్ళీ సభలో బిల్లు పెట్టి ఓటింగ్ జరపాలి, ఎవరు ఎటు ఓటేశారో రికార్డులో ఉంటుంది.

కేంద్ర స్థాయిలో కాంగ్రెస్ సభ్యులు ఎలిజబెత్ వారెన్, అయానా ప్రెస్లీ, బార్బరా లీ కలిసి 2020లో ఒక బిల్లు పెట్టారు. జాతివివక్షకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద పరిశోధించడానికి, డేటా సేకరించడానికి, రాష్ట్రాలకి నిధులివ్వడానికి సీడీసీలో ఒక జాతీయ కేంద్రం పెట్టాలని అందులో ఉంది. పోలీసు హింసను కూడా ప్రజారోగ్య సమస్యగా చూసి దాన్ని తగ్గించే కార్యక్రమం పెట్టాలని మరో భాగం. 2021లో మళ్ళీ పెట్టారు. అది చట్టం కాలేదు.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే అభ్యంతరం ఒకటుంది: "ఇది జాతి సమస్య కాదు, పేదరికం సమస్య. పేదవాళ్ళకి సాయం చేస్తే చాలు." మన తెలుగువాళ్ళ పార్టీల్లోనూ తరచూ వినిపించే మాట. పైకి సబబుగానే ఉంటుంది, కానీ లెక్కల ముందు నిలవదు. 2007 నుంచి 2016 దాకా అమెరికాలో గర్భం, ప్రసవాలకి సంబంధించిన మరణాలను సీడీసీ చదువునుబట్టి విడదీసి చూసింది. కాలేజీ డిగ్రీ ఉన్న నల్లజాతి మహిళల్లో మరణాల రేటు అదే చదువున్న తెల్లజాతి మహిళల రేటుకి 5.2 రెట్లు ఉంది. ఇంకా నిర్ఘాంతపరిచేది మరొకటి. హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి మహిళల రేటు కంటే, డిగ్రీ చదివిన నల్లజాతి మహిళల రేటే ఎక్కువ. పట్టా, ఉద్యోగం, బీమా అన్నీ ఉన్నా కాపాడలేనిది ఒకటి ఉందన్న మాట.

షాలన్ ఇర్వింగ్ సీడీసీలో ఎపిడెమియాలజిస్ట్, అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో పరిశోధించే నిపుణురాలు. ఆరోగ్యంలో అసమానతల మీదే ఆమె పనిచేసేది. 2017 జనవరిలో పాప పుట్టిన మూడు వారాలకి, 36 ఏళ్ళ వయసులో, అధిక రక్తపోటు వల్ల తలెత్తిన సమస్యలతో చనిపోయింది. ప్రసవం తర్వాత ఒంట్లో బాగాలేదని ఆమె మళ్ళీ మళ్ళీ డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది. ఈ విషయం మీద దేశంలో ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు చాలా తక్కువమంది. ఇది చదివినప్పుడల్లా నాకు ముందు కోపం, ఆ వెంటనే భయం వస్తాయి. ఆమె మాటే వినకపోతే ఇంకెవరి మాట వింటారు?

రెండో అభ్యంతరం జన్యువుల గురించి. "వాళ్ళ ఒంటి తత్వమే అంత" అని. దీనికి 1997లోనే ఇల్లినాయ్‌లో ఒక అధ్యయనం జవాబిచ్చింది. అమెరికాలో పుట్టిన తెల్లజాతి తల్లులు, అమెరికాలో పుట్టిన నల్లజాతి తల్లులు, ఆఫ్రికాలో పుట్టి ఇక్కడికొచ్చిన తల్లులు, ఈ ముగ్గురి పిల్లల పుట్టుక బరువులనీ పోల్చి చూశారు. ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లుల పిల్లల బరువులు తెల్లజాతి పిల్లల బరువులకే దగ్గరగా ఉన్నాయి. తప్పంతా జన్యువులదే అయితే ఇలా ఉండటానికి వీల్లేదు. ఆ తర్వాత ఇంకో అధ్యయనంలో, ఆ తల్లుల కూతుళ్ళు ఇక్కడే పెరిగి పిల్లల్ని కన్నప్పుడు ఆ అనుకూలత తగ్గిపోయిందని తేలింది. ఒక్క తరం అమెరికాలో నల్లజాతి మనిషిగా బతికినందుకే ఒంటిమీద పడిన ప్రభావం అది.

ఇప్పుడు అరవై ఏళ్ళ కిందటి కథకొస్తాను. నా వాదనకి ఆయువుపట్టు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

1946లో అమెరికా కాంగ్రెస్ ఆసుపత్రులు కట్టడానికి నిధులిచ్చే హిల్-బర్టన్ చట్టం చేసింది. ఆ చట్టంలోనే, తెల్లవాళ్ళకి వేరుగా నల్లవాళ్ళకి వేరుగా ఆసుపత్రులు కట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. అంటే కేంద్రం సొమ్ముతోనే దక్షిణాదిలో వేరు వార్డులు, వేరు ఆసుపత్రులు లేచాయి. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడు, తన పేషెంటుని అక్కడి పెద్ద ఆసుపత్రి చేర్చుకోనందుకు, ఇంకొంతమంది డాక్టర్లతో, పేషెంట్లతో కలిసి కోర్టుకెళ్ళాడు. 1963లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. దానిలో ఆరో అధ్యాయం, కేంద్రం డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతినిబట్టి వివక్ష చూపకూడదంది.

ఇంతవరకూ అయినా ఆసుపత్రులు పెద్దగా కదల్లేదు. కదిలించింది 1966 జులై 1న మొదలైన మెడికేర్. 65 దాటిన వృద్ధుల వైద్యం ఖర్చు కేంద్రం భరించే పథకం అది. అంత డబ్బు వదులుకునే ధైర్యం ఏ ఆసుపత్రికీ లేదు. ప్రభుత్వం ఒక్క షరతు పెట్టింది: ఆరో అధ్యాయానికి లోబడి ఉన్నట్టు నిరూపించుకోకపోతే మెడికేర్ డబ్బు రాదు. మాట తీసుకుని ఊరుకోలేదు. తనిఖీ మనుషుల్ని పంపింది. వాళ్ళు వార్డులు తిరిగి, గదుల్లో ఎవరి పక్కన ఎవరున్నారో చూశారు. నాలుగు నెలల్లోపే దాదాపు వెయ్యి ఆసుపత్రులు తలుపులు తెరిచాయి. దశాబ్దాలపాటు ఉపన్యాసాలు, నివేదికలు, ప్రార్థనలు చేయలేని పని ఒక బిల్లు చెల్లింపు షరతు చేసింది. మిసిసిపీలో అతిసారం, న్యుమోనియాలతో చనిపోయే నల్లజాతి పసిపిల్లల సంఖ్య ఆ తర్వాత బాగా తగ్గిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపించారు.

జాతివివక్షను ప్రజారోగ్య సమస్యగా చూసి చేసిన చట్టమేదైనా ఉందంటే నా దృష్టిలో అదే మొదటిది, ఇప్పటికీ అన్నిటికన్నా గొప్పది. ఆ చట్టం చేసినవాళ్ళు దాన్ని ఆ మాటతో పిలవలేదు.

మన కథ దానికి తగులుతుందన్నాను కదా. 1965లో కొత్త వలస చట్టం వచ్చింది. అంతకుముందు భారతదేశం నుంచి ఏడాదికి వంద మందికే వలస వీసాలు. పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఒత్తిడి లేకుండా ఆ కోటా పోయేది కాదు. మెడికేర్, పేదల బీమా మెడికెయిడ్ వచ్చాక డాక్టర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. గుంటూరు, విశాఖ, కర్నూలు, ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల నుంచి మనవాళ్ళు విమానమెక్కింది ఆ తలుపుల్లోంచే. నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి తెరిపించిన తలుపులవి.

మా ఊళ్ళో డెబ్భైల్లో వచ్చిన ఒక పెద్ద డాక్టరుగారున్నారు. నన్ను కన్నకూతురిలా చూస్తారు. పోయిన ఉగాది భోజనాల దగ్గర ఈ చర్చ వచ్చింది. "మేం చేతిలో ఎనిమిది డాలర్లతో దిగామమ్మా. మాకూ వివక్ష ఎదురైంది. కష్టపడి పైకొచ్చాం. వాళ్ళెందుకు రాలేరు?" అన్నారు.

"మిమ్మల్ని ఈ దేశం ఏరి తెచ్చుకుంది అంకుల్. ఎంబీబీఎస్ ఉన్నవాళ్ళకే వీసా ఇచ్చింది. వాళ్ళని ఎవరూ ఏరి తెచ్చుకోలేదు, గొలుసులేసి తెచ్చారు. మీరు ఇల్లు కొన్న పేటలో వాళ్ళ నాన్నకి బ్యాంకు లోను ఇచ్చేది కాదు" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తాను రెసిడెన్సీ చేసిన రోజుల్లో పేరున్న ఆసుపత్రులేవీ తమకి సీటు ఇచ్చేవి కావని, తెల్ల డాక్టర్లు వెళ్ళని పేద పేటల ఆసుపత్రుల్లోనే తమకి చోటు దొరికిందని చెప్పారు. "నా మొదటి పేషెంట్లంతా నల్లవాళ్ళే. నా యాస అర్థం కాకపోయినా ఒక్కరూ విసుక్కోలేదు" అన్నారు. ఆయన అభిప్రాయం మారిందో లేదో నేనడగలేదు. కానీ ఆ తరం డాక్టర్లు కమిటీల ముందు చెప్పాల్సిన సాక్ష్యం ఇదేనని నాకనిపించింది.

బ్యాంకు లోను సంగతి ఊరికే అనలేదు. 1930ల్లో కేంద్ర ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల మ్యాపుల మీద నల్లజాతివాళ్ళుండే పేటల చుట్టూ ఎర్రగీత గీసి అప్పులకి పనికిరానివని గుర్తుపెట్టింది. 2020లో 108 నగరాలను పరిశీలించినప్పుడు, ఆ ఎర్రగీత పేటలు మిగతా పేటలకంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉన్నాయని తేలింది. చెట్లు తక్కువ, తారు ఎక్కువ. 90 ఏళ్ళ కిందట ఆఫీసులో గీసిన గీత ఈ జులైలో ఒక ముసలాయనకి వడదెబ్బ తగిలిస్తోంది. ఇది ప్రజారోగ్యం కాకపోతే మరేమిటి?

మళ్ళీ చట్టాల దగ్గరికి. ఇటీవలి చట్టాల్లో పనిచేసినవీ చేయనివీ చూస్తే 1966 నాటి పాఠమే మళ్ళీ కనిపిస్తుంది. కాలిఫోర్నియా 2019లో ఒక చట్టం చేసింది. ప్రసవాలు చూసే సిబ్బందికి, తమకి తెలియకుండానే మనసులో ఉండే వివక్ష గురించి ఆసుపత్రులు శిక్షణ ఇవ్వాలని. 2020 జనవరి నుంచి అమలు. కానీ ఇవ్వకపోతే ఏమవుతుందో చట్టంలో లేదు. 2021లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం ఆసుపత్రులను ఆరా తీసేసరికి చాలాచోట్ల శిక్షణ మొదలే కాలేదు. ఆరా మొదలయ్యాక చకచకా జరిగాయి. చివరికి 2024లో ఇంకో చట్టం చేసి గడువులు, జరిమానాలు చేర్చారు. ఐదేళ్ళు పోయాయి. ఈ శిక్షణల మీద నాకు పెద్ద ఆశలు లేవని కూడా చెప్పాలి. ఇలాంటి గంట వీడియోలు నేనూ చూశాను. చూసి, చివర్లో ప్రశ్నలకి టిక్కు పెట్టి, పనిలో పడిపోతాం. అదే సొమ్ముతో ప్రసవమైన తల్లి ఇంటికి ఒక నర్సుని పంపితే ఎక్కువ మేలని నా నమ్మకం.

లారెన్ అండర్‌వుడ్ అనే కాంగ్రెస్ సభ్యురాలు, ఆమె స్వయంగా నర్సు, తోటివాళ్ళతో కలిసి నల్లజాతి తల్లుల మరణాలు తగ్గించడానికి బిల్లుల కట్ట ఒకటి తెచ్చింది. 2021లో అందులో 12 బిల్లులున్నాయి. చట్టమైనది ఒక్కటి, సైన్యంలో పనిచేసి వచ్చిన తల్లుల కోసం. మిగతావి ఆగిపోయాయి. అదే సమయంలో పెద్ద చప్పుడు లేకుండా ఇంకొకటి జరిగింది. పేదలకిచ్చే మెడికెయిడ్ బీమా అంతకుముందు ప్రసవమైన 60 రోజులకి ఆగిపోయేది. దాన్ని ఏడాదికి పొడిగించుకునే వీలు 2021 కోవిడ్ సహాయ చట్టంలో రాష్ట్రాలకి ఇచ్చారు, తర్వాత శాశ్వతం చేశారు. దాదాపు అన్ని రాష్ట్రాలూ తీసుకున్నాయి. నల్లజాతి తల్లుల ప్రసవాల్లో సుమారు మూడింట రెండువంతులకి ఖర్చు పెట్టేది మెడికెయిడే. గర్భ సంబంధ మరణాల్లో సగానికి పైగా ప్రసవమైన వారం దాటాక, ఏడాదిలోపు జరుగుతున్నాయి. బీమా ఆగిపోయే కాలమే ప్రాణం పోయే కాలంగా ఉండేది. ఈ ఒక్క సవరణ ఎన్నో తీర్మానాల పెట్టు.

అయినా పని చాలా మిగిలే ఉంది. 2021లో లక్ష ప్రసవాలకి నల్లజాతి మహిళల్లో 69.9 మరణాలుంటే తెల్లజాతి మహిళల్లో 26.6. కోవిడ్ తగ్గాక 2023లో తెల్లజాతి మహిళల్లో 14.5కి దిగింది. నల్లజాతి మహిళల్లో 50.3 దగ్గర నిలిచింది. అందరికీ తగ్గింది కదా అని సంతోషించేలోపే నల్లజాతి మహిళల రేటు తెల్లజాతి మహిళల రేటుకి మూడు రెట్లు దాటింది.

కిడ్నీల విషయం చూడండి. కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్కగట్టే సూత్రంలో ఏళ్ళ తరబడి నల్లజాతి రోగులకి ఒక గుణకం ఉండేది. అదే రక్తపరీక్ష ఫలితానికి వాళ్ళ కిడ్నీ మెరుగ్గా ఉన్నట్టు చూపించేది. దాంతో మార్పిడి కోసం వెయిటింగ్ లిస్టులో ఆలస్యంగా చేరేవాళ్ళు. 2021లో నిపుణుల కమిటీ ఆ గుణకం తీసేయమంది. కానీ అసలు మేలు చేసింది దాని తర్వాత, 2023 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన. మార్పిడి చేసే ప్రతి ఆసుపత్రీ పాత రికార్డులు తిరగేసి, నష్టపోయిన నల్లజాతి రోగులకి ఆ కాలం తిరిగి కలపాలని ఆదేశం. 14 వేల మందికి పైగా సగటున రెండేళ్ళ సమయం తిరిగొచ్చింది. చేయకపోతే ఊరుకోం అన్న నియమం, గడువు, రికార్డు. మూడూ ఉన్నాయి కాబట్టి జరిగింది.

ఇదంతా నల్లజాతివాళ్ళ గొడవ, మనకెందుకనుకునేవాళ్ళ కోసం రెండు సంగతులు. కోవిడ్ కాలంలో ఇక్కడా, మన ఊళ్ళలోనూ ప్రతి ఇంట్లో వేలికి పెట్టుకున్న పల్స్ ఆక్సిమీటర్ గుర్తుందా? ఆ పరికరం ముదురు రంగు చర్మం మీద ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020 డిసెంబర్‌లో మిషిగన్ డాక్టర్లు ప్రచురించిన లెక్క ప్రకారం, ఆక్సిజన్ పడిపోయినా పరికరం పట్టుకోలేకపోవడం తెల్లజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు. మన చర్మం రంగు సంగతి మనకి తెలుసు. ఇలాంటి పరికరాలను అన్ని రంగుల చర్మాల మీదా ఇంకా ఎక్కువమందితో పరీక్షించాలని, మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఎఫ్‌డీఏ ముసాయిదా మార్గదర్శకాలు ఇచ్చింది 2025 జనవరిలో.

రెండోది గుండె. మావారికి నలభై నాలుగేళ్ళకే స్టెంట్ వేశారు. అంతకు ఏడాది ముందు చెకప్‌లో గుండెజబ్బు ముప్పు లెక్కగట్టే కాలిక్యులేటర్‌లో జాతి దగ్గర తెల్లజాతి, నల్లజాతి, ఇతరులు అని మూడే ఉన్నాయి. మనం ఇతరుల్లో. ముప్పు తక్కువని వచ్చింది. దక్షిణాసియావాళ్ళకి ముప్పు ఎక్కువని 2018 కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో ఉంది, కానీ గళ్ళలో లేదు. మనల్ని ఆసియా అన్న ఒక్క గడిలో చైనా, కొరియా, జపాన్ వాళ్ళతో కలిపి సగటు తీస్తే మన జబ్బు ఆ సగటులో కనబడదు. దీన్ని జాతివివక్ష అని నేననను, నల్లజాతివాళ్ళు పడినదాంతో పోల్చను. కానీ మందు మాత్రం ఒకటే: జనాన్ని విడివిడిగా లెక్కపెట్టమని చట్టం చెప్పాలి. 2024 మార్చిలో కేంద్రం సవరించిన నిబంధనలు ఆసియావాళ్ళలో భారతీయులను వేరుగా నమోదుచేసే ఏర్పాటు తెచ్చాయి.

విద్వేషం మన గుమ్మంలోకీ వచ్చింది. 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో మన తెలుగు ఇంజనీరుని "మా దేశం నుంచి పొండి" అంటూ కాల్చి చంపారు. మనం కొవ్వొత్తులు వెలిగించాం, తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. దేన్నైతే మనం ఒక్కరోజు దుర్ఘటనగా తలుచుకుంటామో, దాన్ని ఇంకొకరు రోజూ మోస్తున్నారు. ఒంట్లో రక్తపోటుగా మోస్తున్నారు.

ఇలా మాట్లాడే హక్కు మనకుండాలంటే ఇంకొక పని కూడా చేయాలి. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ అదే ఏడాది బిల్లు పాస్ చేస్తే గవర్నర్ అక్టోబర్‌లో వీటో చేశాడు. ఉన్న చట్టాలే చాలునన్నాడు. ఆ బిల్లుకి వ్యతిరేకంగా సంతకాలు పెట్టమని మా వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజీలు చూశాను. కారంచేడు, చుండూరు చూసిన నేల నుంచి వచ్చినవాళ్ళం మనం. ఊరవతల పేటకి నీళ్ళు ఎలా వచ్చేవో, రాకపోతే ఎవరి పిల్లలకి విరేచనాలు పట్టుకునేవో మనకి తెలుసు. జాతివివక్ష ఒంటికి హాని చేస్తుందని ఒప్పుకుని కులవివక్ష చేయదని వాదించలేం. నేను ఆ బిల్లు పక్షాన రాశాను, మళ్ళీ వస్తే మళ్ళీ రాస్తాను.

ఇప్పుడు గాలి ఎదురుగా వీస్తోంది. 2001లోనే సుప్రీంకోర్టు అలబామా కేసులో, ఉద్దేశపూర్వక వివక్ష రుజువు చేయకుండా, ఫలితంలో అన్యాయం ఉందని మాత్రమే చూపి మామూలు మనిషి పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం కింద దావా వేయలేడని చెప్పింది. అప్పట్నుంచి ఆ పని ప్రభుత్వం మీదే ఉంది. 2025 ఏప్రిల్ 23న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ప్రభుత్వాన్నీ ఆ పని నుంచి వీలైనంత తప్పుకోమంది. అదే నెలలో, ప్రసవమైన తల్లుల అనుభవాలను 1987 నుంచి సర్వే చేస్తున్న సీడీసీ బృందాన్ని పనిలోంచి తప్పించారు. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే గుండె తరుక్కుపోయే వార్త ఉండదు. చనిపోయిన తల్లి ఎలాగూ మాట్లాడదు. బతికినవాళ్ళు చెప్పేది రాసుకునేవాళ్ళని కూడా పంపేశారు.

కాబట్టి పని ఇక రాష్ట్రాల్లోనే. మా రాష్ట్ర ప్రతినిధికి నేను రాసిన ఉత్తరంలో తీర్మానం మళ్ళీ పెట్టమని అడగలేదు. ప్రసవాలు చేసే ప్రతి ఆసుపత్రీ తల్లుల మరణాలు, ప్రాణాపాయం దాకా వెళ్ళిన కేసులు జాతులవారీగా ఏటా బయటపెట్టాలనీ, పెట్టకపోతే రాష్ట్రం ఇచ్చే మెడికెయిడ్ చెల్లింపులో కోత ఉండాలనీ, ఆ కోత సొమ్ము ఇళ్ళకెళ్ళే నర్సుల జీతాలకి వాడాలనీ అడిగాను. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కమిటీలో ఆసుపత్రుల తరఫున మాట్లాడటానికి లాబీయిస్టులు వస్తారని, ఇటు నుంచి డాక్టర్లెవరైనా వచ్చి చెబితే బాగుంటుందని అక్కడి అమ్మాయి చెప్పింది. ఓహాయోలో సాక్ష్యం రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు, పేజీ చాలు. ఆ పెద్ద డాక్టరుగారికి ఆ ఆఫీసు నంబరు పంపించాను. ఇది చదివేవాళ్ళలో ఇక్కడ డాక్టర్లుగా, నర్సులుగా ఉన్నవాళ్ళు మీ రాష్ట్ర కమిటీ అజెండా ఒకసారి చూడండి. బిల్లు నంబరు దొరికితే నాకు రాయండి, డేటా పట్టికలు నేను తయారుచేసి పంపిస్తాను.